కోడలి తాళం

సోమవారం పొద్దున తుర్దుబెక్ తన గదిలోంచి "సాల్కినాయ్ అక్కా, ఒక్కసారి ఇలా వస్తారా" అని పిలిచాడు. ఆ పిలుపు టీ కోసం కాదని సాల్కినాయ్‌కి వెంటనే అర్థమైంది. టీ కావాలంటే అతను పిలవడు. ఖాళీ గిన్నెతో బల్ల మీద రెండు దెబ్బలు వేస్తాడు.

తుర్దుబెక్ కోక్-సయ్ ఊరిపెద్ద. ఎన్నికై రెండేళ్ళయింది. సాల్కినాయ్ ఆ ఊరి ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా. పుట్టినవాడికి, పోయినవాడికి, గొర్రెలు కొన్నవాడికి, అమ్ముకున్నవాడికి, ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆవిడ టైపు కొట్టి ఇవ్వాల్సిందే. ఇప్పటికి ఆరుగురు ఊరిపెద్దలు ఆ గదిలోకి వచ్చారు, వెళ్ళారు. సాల్కినాయ్ కుర్చీ మాత్రం కిటికీ పక్కన, పొయ్యికి మూడడుగుల దూరంలో వేసింది వేసినట్టే ఉంది.

"కూర్చోండక్కా," అంటూ తుర్దుబెక్ స్వయంగా లేచి కుర్చీ జరిపాడు. సాల్కినాయ్‌కి అక్కడే అనుమానం వచ్చింది. ఆరుగురు పెద్దల్లో ఒక్కరూ ఆవిడకి కుర్చీ జరిపిన పాపాన పోలేదు.

"జిల్లా నుంచి ఉత్తర్వొచ్చింది. మన కంప్యూటర్లలో ఉన్న విండోస్ దొంగ సరుకట. బజార్లో సీడీ కొని ఎక్కించుకున్నాంగా, అలాంటివన్నీ తీసెయ్యమంటున్నారు."

"మంచిది. అసలుది కొనండి."

"అసలుది కొనాలంటే ఈ ఆఫీసు పైకప్పు అమ్మాలక్కా. అందుకని ఊరికే వచ్చేది ఎక్కిస్తారట. లినక్స్ అని."

"ఊరికే ఎవరిస్తున్నారు?"

"ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, ఎవరైనా తీసుకోండని పెడతారట."

"ఎందుకు?"

తుర్దుబెక్ ఆ ప్రశ్న దాటేసి అసలు సంగతికి వచ్చాడు. "శుక్రవారం జిల్లా అధికారిణి కాదిరొవ్నా గారు స్వయంగా చూడ్డానికొస్తున్నారు. మామూలు మనుషులకి ఇది పనికొస్తుందా రాదా అని. ఈ వయసులో మీకెందుకక్కా ఈ తంటా? ఆ కుర్చీలో మా బేగాయిమ్ కూర్చుంటుంది. మా ఆవిడ చెల్లెలి కూతురు. పట్నంలో కంప్యూటరు కోర్సు చేసింది."

"నాకు పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది, తమ్ముడూ."

"ముందుగా తీసుకుంటే సగమిస్తారుగా."

"ఆ సగం రెండేళ్ళ పాటు కాదు. నేను పోయేదాకా సగమే."

తుర్దుబెక్ ఖాళీ గిన్నె వైపు చూశాడు. సాల్కినాయ్ లేచి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కంప్యూటరు మీద కప్పిన గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టింది. ఎర్ర దారంతో పొట్టేలు కొమ్ముల కుట్టు తనే కుట్టిన గుడ్డ అది. ఆవిడకి ఏడుపు వచ్చింది. అప్పుడే ఎదురుగా కాగితం కోసం మనిషి నిలబడ్డాడు కాబట్టి ఏడవడం వీలుపడలేదు.

వచ్చినవాడు ఊరి చివర గుర్రాలు పెంచే ముసలాయన. అతన్ని సాల్కినాయ్ ఎప్పుడూ "గుర్రాలాయన" అంటుంది, పేరు పెట్టి పిలవదు. అతని పేరూ ఆవిడ మామగారి పేరూ ఒకటే. అత్తింట అడుగుపెట్టిన నాటి నుంచి, ముప్పై నాలుగేళ్ళుగా, మామగారి పేరు సాల్కినాయ్ నోటి వెంట రాలేదు. అక్కడి కోడళ్ళకి అది పద్ధతి. చాలామంది ఇప్పుడు ఇంట్లో మానేసి పదిమందిలో పాటిస్తారు. సాల్కినాయ్ ఇంట్లోనూ పాటిస్తుంది, ఒంటరిగా ఉన్నప్పుడూ పాటిస్తుంది. నోటితో అనకపోతే చాలదని, చేత్తో కూడా రాయదు. కాబట్టి ఆ పేరు ఈ కథలోనూ రాదు. అన్నేళ్ళు ఆవిడ దాచుకున్నదాన్ని మనం బజారున పెట్టడం బాగుండదు.

ఆఫీసులో ఈ పద్ధతి ఎలా సాగిందంటే, కాగితం మొత్తం కొట్టి, పేరు రావాల్సిన చోట వరసగా చుక్కలు పెట్టి అచ్చు తీస్తుంది. పక్కగది పశువుల డాక్టరు ఎల్చిబెక్ దగ్గరికి తీసుకుపోతుంది. అతను కలంతో పేరు రాస్తాడు. ఆ పేరున్న వాళ్ళు ఊళ్ళో ముగ్గురున్నారు. వాళ్ళ కాగితాలన్నీ ఇన్నేళ్ళుగా ఇలాగే తయారవుతున్నాయి.

ఎల్చిబెక్ పేరు రాస్తూ, "అక్కా, మీ మామ ఇక్కడ లేడుగా. ఉన్నా ఆయనకి చదువు రాదుగా," అన్నాడు. ఈ మాట అతను ఇప్పటికి రెండు వందలసార్లు అని ఉంటాడు.

"ఆయన లేకపోతేనేం, నేనున్నాగా ఇక్కడ," అంది సాల్కినాయ్, రెండు వందలసార్లూ అన్నట్టే.

*

బుధవారం ఉదయం జిల్లా పట్నం నుంచి మెదెర్ వచ్చాడు. ముప్పై ఏళ్ళ సన్నటి మనిషి. కొత్తగా దీక్ష పుచ్చుకున్నవాడి వెలుగు ఉంది మొహంలో. ఊరికే వచ్చే ఆ వ్యవస్థని జిల్లా అంతటా ఎక్కించాలని అతని పట్టు. ఇప్పటికి రెండు ఊళ్ళ వాళ్ళు వారం తిరక్కుండా తీసి పారేయించారు. ఇక్కడ కూడా అదే జరిగితే ఇక ఈ ఊసెత్తొద్దని కాదిరొవ్నా చెప్పేశారు.

"అక్కా, ఇన్నాళ్ళూ మీరేం వాడారు?" అని అడిగాడు.

"కంప్యూటరు."

"అది కాదక్కా, అందులో ఏ రకం?"

"పచ్చగడ్డి కొండ బొమ్మ ఉంటుంది చూడు, అది."

"అంతకు ముందు?"

"అంతకు ముందు కొండ లేదు. బూడిదరంగు."

మెదెర్ తల పట్టుకోబోయి, సాల్కినాయ్ బల్ల సొరుగులోంచి తీసిన నోటుబుక్కు చూసి ఆగాడు. అట్ట నలిగి, అంచులకి టీ మరకలున్న పుస్తకం. ప్రతి పేజీలో తెర మీది గుర్తులకి పెన్సిలు బొమ్మలు, పక్కన మాటలు. మెదెర్ చదివాడు: 'నీలం పిట్ట మీద రెండుసార్లు కొట్టాలి. రాకపోతే ఇంకో రెండుసార్లు కొట్టాలి. అప్పటికీ రాకపోతే టీ తాగి రావాలి.' ఇంకో పేజీలో ప్రింటరు బొమ్మ. 'మొండికేస్తే కుడి డొక్కలో అరచేత్తో చరచాలి. గట్టిగా వద్దు.' మొత్తం పుస్తకం తిరగేస్తే ఆవిడ చేసే పనులు నాలుగు. పెట్టె తెరవడం, పాత కాగితం పైకి తీసి కొత్త పేరు కొట్టడం, దాచడం, అచ్చు తీయడం.

"ఇంతేనా?" అన్నాడు మెదెర్.

"ఇంతే. ఇందులో ఊరంతా ఉంది," అంది సాల్కినాయ్.

అతను పుస్తకం పక్కన పెట్టుకుని పనిలోకి దిగబోయాడు. ఆవిడ ఒప్పుకోలేదు. కొత్తది ఏదొచ్చినా పొగ వెయ్యాలి, పెద్దవాళ్ళ దీవెన పడాలి. ఇనప మూకుట్లో నిప్పుల మీద ఆ కొండల్లో దిష్టికి వాడే ఎండుటాకు గుప్పెడు వేసి కంప్యూటరు చుట్టూ మూడుసార్లు తిప్పింది. మెదెర్ ఏడుసార్లు తుమ్మాడు. దీవెనకి మామగారే వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, జీవితమంతా కొండ మీద గొర్రెలతో గడిపాడు. శుక్రవారం లోపల ఆయనకీ ఒక కాగితం కావాలి. వేడినీటి ఊటల దగ్గర పెద్దవాళ్ళ విశ్రాంతి ఇంట్లో ఆయనకి చోటు వచ్చింది. అక్కడికి వెళ్ళాలంటే తాను బతికే ఉన్నాడని ఊరి ఆఫీసు రాసివ్వాలి.

ముసలాయన కంప్యూటరుని ముందూ వెనకా చూశాడు. రెండు అరచేతులూ పైకి చాపాడు. "దీని మేత దీనికి దొరకాలి. దీని మీద తోడేలు కన్ను పడకూడదు. దీని సంతతి కొండ నిండా పెరగాలి. ఓమిన్, అలాగే జరగాలి," అని చేతులు మొహానికి రాసుకున్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా రాసుకున్నారు. ఆ సంతతి మాటకి అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు మెదెర్.

మధ్యాహ్నానికి పని ముగిసింది. చివరికి తెర మీద ఒక గడి వచ్చి ఆగింది.

"ఇక్కడ పాస్‌వర్డు పెట్టుకోవాలక్కా. రోజూ పొద్దున ఇది కొడితేనే తలుపు తెరుచుకుంటుంది."

"ఇన్నాళ్ళూ తలుపే లేదు."

"అందుకే ఎవరుపడితే వాళ్ళు దూరారు. ఇందులో జనం వివరాలున్నాయి. లోపల పెట్టెకి కూడా ఈ మాటతోనే తాళం పడుతుంది. ఇది లేకపోతే నేను కూడా తియ్యలేను. కాబట్టి మీరెన్నడూ మర్చిపోని మాట పెట్టండి. కానీ ఎన్నడూ ఎవరికీ చెప్పని మాట అయ్యుండాలి."

సాల్కినాయ్ ఆలోచించింది. ఎన్నడూ మర్చిపోనిది. ఎన్నడూ ఎవరికీ చెప్పనిది. వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. అలాంటి మాట ఆవిడ దగ్గర ఒకటే ఉంది. అది తోచగానే ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"కొడితే తెర మీద కనపడుతుందా?"

"కనపడదక్కా. చుక్కలొస్తాయి."

"చుక్కలా?"

"ఒక్కో అక్షరానికి ఒక్కో చుక్క."

"పోనీ లోపలెక్కడైనా రాసి పెట్టుకుంటుందా?"

"మాటని మాటగా దాచుకోదు. పిండి కొట్టేసి ఆ పిండి దాచుకుంటుంది. రేపు మీరు మళ్ళీ గింజలు వేస్తే, మళ్ళీ పిండి కొట్టి రెండూ ఒకటేనా అని చూస్తుంది. పిండిలోంచి గింజలు తీయడం ఎవరి తరమూ కాదు."

ఇంత మర్యాద తెలిసిన వస్తువుని సాల్కినాయ్ తన జన్మలో చూడలేదు. "నువ్వు అటు తిరుగు," అంది. మెదెర్ గోడవైపు తిరిగాడు. ఆవిడ తలగుడ్డ ముందుకు లాక్కుంది. పెదాలు బిగించింది. ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టింది. తెర మీద వరసగా చుక్కలు పడ్డాయి. అచ్చం ఇన్నేళ్ళుగా తాను కాగితాల మీద పెట్టిన చుక్కలే. నోరు కదల్లేదు, అక్షరం కనపడలేదు. ఎవరూ ఏమీ అనడానికి లేదు. అయినా ఒంట్లో ఏదో దొంగతనం చేసినంత వేడి పుట్టి, ఆవిడ లేచి వెళ్ళి కిటికీ కాస్త తీసింది.

తలుపు తెరుచుకుంది. కొండ స్థానంలో ఒక సరస్సు వచ్చింది. ఆవిడ పుస్తకంలో గీసుకున్న బొమ్మలనే మెదెర్ తెర మీద అవే చోట్ల పెట్టాడు. నీలం పిట్ట కూడా దాని చోట అదే ఉంది. ఆవిడ రెండుసార్లు కొట్టింది, కాగితం వచ్చింది. అచ్చు తీసింది. ప్రింటరు డొక్కలో చరచక ముందే కక్కేసింది.

"ఏం మార్చావు నాయనా?" అని అడిగింది.

"అంతా మార్చానక్కా! మొదలంటా పీకేశాను!"

"నాకు సరస్సు తప్ప ఏమీ కనపడటం లేదే."

దానికి నవ్వాలో ఏడవాలో మెదెర్‌కి తెలియలేదు. ఆరేళ్ళుగా అతను ఎక్కడికి వెళ్ళినా ఈ లినక్స్ గొప్పతనం గంటలు గంటలు చెప్పేవాడు. ఎవరూ మెచ్చుకోలేదు. ఈవిడ అసలు గమనించనే లేదు, పని మాత్రం జరిగిపోయింది.

*

గురువారం కష్టాలన్నీ బయటపడ్డాయి. ఎల్చిబెక్ గదిలో పశువుల టీకాల ప్రోగ్రాము కొత్తదాంట్లో నడవనని భీష్మించింది. ఎంత బతిమాలినా లొంగలేదు. చివరికి ఆ ఒక్క కంప్యూటరుకి డబ్బు పెట్టి అసలుదే కొనక తప్పదని మెదెర్ తల వంచుకుని ఒప్పుకున్నాడు. తుర్దుబెక్ గదిలో అంతకంటే పెద్ద గొడవ జరిగింది.

"ఇదిగో, నువ్వు ఏం తీసేశావో నాకు తెలీదు. ఇక్కడ పేకముక్కలుండేవి," అన్నాడు తుర్దుబెక్ తలుపు వేసి, గొంతు తగ్గించి.

"ఇందులో ఎనభై రకాల పేకాటలున్నాయన్నా."

తుర్దుబెక్ కుర్చీ తెరకి దగ్గరగా లాక్కున్నాడు. "ఎనభయ్యా?" అన్నాడు. ఆ తరవాత సాయంత్రం దాకా ఊరిపెద్ద గదిలోంచి ఊరికే వచ్చే వ్యవస్థ మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

సాల్కినాయ్‌కి కూడా ఒకసారి ప్రాణం పోయినంత పనైంది. చెయ్యి ఎక్కడ తగిలిందో, కాగితాలు, పిట్ట, అన్నీ మాయమై ఎదురుగా ఖాళీ సరస్సు మిగిలింది. "నాయనా మెదెర్, ఊరు మునిగింది!" అని కేకేసింది. అతను పరిగెత్తుకొచ్చి చూసి, "ఏం పోలేదక్కా. ఈ తెరకి రెండు గదులుంటాయి, మీరు రెండో గదిలోకి వెళ్ళారు. మీ సామాను మొదటి గదిలోనే ఉంది," అని కింద కుడిచేతి మూల చిన్న గడి చూపించాడు. ఆవిడ వెంటనే పుస్తకం తీసి సరస్సు బొమ్మ గీసి రాసుకుంది: 'అంతా పోతే ఏడవకూడదు. మొదటి గడి నొక్కాలి.'

మధ్యాహ్నం బేగాయిమ్ వచ్చింది. ఇరవై మూడేళ్ళది, పోయినేడు పెళ్ళయింది. మంచి పిల్లే. వస్తూ నూనెలో వేయించిన వేడి పిండి బోర్సోకులు తెచ్చి అందరికీ పంచింది. కంప్యూటరు ముందు మాత్రం కూర్చోలేదు.

"ఒకసారి చూసుకో అమ్మా. రేపు కాదిరొవ్నా గారి ముందు తడబడతావు," అంది సాల్కినాయ్. చెప్పకుండా ఉంటే తనకే మేలని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోయింది.

"విండోస్ మొత్తం వచ్చినవాళ్ళకి ఇదొక లెక్కా పెద్దమ్మా," అని బేగాయిమ్ ఇంకో బోర్సోకు తీసుకుంది.

*

శుక్రవారం పదింటికి కాదిరొవ్నా వచ్చారు. పొట్టిగా, చకచకా నడిచే మనిషి, బూట్ల నిండా మంచూ బురదా. టీ వద్దన్నారు, తరవాత మూడు గిన్నెలు తాగారు. తుర్దుబెక్ నిన్ననే ఏర్పాటు చేసినట్టు బేగాయిమ్ కుర్చీలో కూర్చుంది, సాల్కినాయ్ టీ కూజా పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ తన కుర్చీని అటువైపు నుంచి చూడటం ఇదే మొదలు. అది ఎంత చిన్న కుర్చీయో ఇప్పుడు తెలిసింది. పొయ్యికి రెండో పక్కన మామగారు కూర్చుని ఎండు పెరుగు ఉండ చప్పరిస్తున్నాడు. ఆయన బస్సు పన్నెండింటికి.

"మెదెర్, నువ్వు గోడ దగ్గరుండు. ముట్టుకోకు. రోజూ నువ్వుండవుగా," అన్నారు కాదిరొవ్నా. "కానివ్వమ్మా. ఆ పెద్దాయనకి కాగితం తీసివ్వు."

బేగాయిమ్ వేళ్ళు విరుచుకుని మీట నొక్కింది. గడి వచ్చింది. "పాస్‌వర్డు ఏంటి పెద్దమ్మా?"

"నేను చెప్పలేనమ్మా," అంది సాల్కినాయ్.

"చెప్పలేకపోవడమేంటక్కా?" అన్నాడు తుర్దుబెక్.

"నోటికి రాదు."

"పోనీ రాయండి."

"రాయనూ లేను."

తుర్దుబెక్ మొహం కందగడ్డ అయింది. "పంతమా అక్కా? పెద్దావిడ ముందా?"

"పంతం కాదు తమ్ముడూ. నా వల్ల కాదు." అది నిజం. ఆవిడ గొంతులో ఉన్న భయం చూస్తే పంతమని ఎవరికీ అనిపించదు.

"చిన్న సంగతి. ఇలాంటివాళ్ళు ఏం పెట్టుకుంటారో మా కోర్సులోనే చెప్పారు," అంది బేగాయిమ్. పెద్దకొడుకు పేరు కొట్టింది, రాలేదు. చిన్నకొడుకు పేరు, రాలేదు. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసింది. అలజడి విని పక్కగదిలోంచి వచ్చిన ఎల్చిబెక్, "వాళ్ళ ఆవు పేరు చూడు. చాలా మంచి ఆవు," అన్నాడు. ఆవు పేరూ పనిచేయలేదు. తుర్దుబెక్ తన పేరు కొట్టి చూడమన్నాడు. కాదిరొవ్నా అతని వైపు చూశారు. ఒక్క పేరు మాత్రం ఎవరికీ తట్టలేదు. కాగితం మీద కూడా ఆ పేరు రాయక చుక్కలు పెట్టి తిరిగే మనిషి, దాన్ని రోజూ పొద్దున్నే తన వేళ్ళతో కొడుతుందని ఎవరనుకుంటారు?

"అమ్మా, కొట్టనైనా కొట్టగలవా?" అని అడిగారు కాదిరొవ్నా.

"కొడతాను. అందరూ అటు తిరిగితే."

జిల్లా అధికారిణి, ఊరిపెద్ద, పశువుల డాక్టరు, అందరూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. తలుపు తెరుచుకుంది. సాల్కినాయ్ మళ్ళీ కూజా దగ్గరికి వెళ్ళింది.

బేగాయిమ్ తనకి తెలిసినవన్నీ వెతికింది. కింద ఎడమ మూల ఉండాల్సింది అక్కడ లేదు. ఉండకూడని చోట ఏదో ఉంది. నీలం పిట్టని ఆ పిల్ల చూసింది గానీ, కోర్సులో పిట్ట లేదు కాబట్టి అది పనికిరాని బొమ్మ అనుకుంది. ఒకేసారి రెండు మీటలు నొక్కింది, మూడు నొక్కింది. తెర మీద ఉన్నవన్నీ మాయమైపోయాయి. సరస్సు మిగిలింది.

"పోయాయి," అంది చిన్న గొంతుతో.

"ఏంటి పోయింది? ఊరా?" అన్నాడు తుర్దుబెక్.

ఎవరి తప్పని తుర్దుబెక్, ఇలాంటిది జరుగుతుందని తనకి ముందే తెలుసని ఎల్చిబెక్, ముట్టుకోవచ్చా అని మెదెర్, ముట్టుకోవద్దని కాదిరొవ్నా, అందరూ ఒకేసారి మాట్లాడారు. అయిదు నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తనంతట తాను తాళం వేసుకోమని మెదెర్ దానికి చెప్పి ఉంచాడు. అది మాట తప్పలేదు. గడి మళ్ళీ వచ్చి కూర్చుంది.

తుర్దుబెక్ ఇక ఆగలేదు. "మెదెర్, ఈ మాట గొడవ వదిలించు. మార్చెయ్."

"మార్చొచ్చన్నా. కానీ ముందు అక్క పాతది కొట్టాలి. అప్పుడు కొత్తది పెట్టుకోవచ్చు."

"అక్కా, ఇలా రండి. మీ మాట ఒక్కసారి కొట్టండి. తరవాత బేగాయిమ్ తనది పెట్టుకుంటుంది. ఇక మీరు ఇంటికెళ్ళి హాయిగా విశ్రాంతి తీసుకోండి."

సాల్కినాయ్ వచ్చి కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. ఒక్క మాట కొడితే రెండేళ్ళ ఉద్యోగం, బతికినన్నాళ్ళ సగం పింఛను, కిటికీ పక్క కుర్చీ అన్నీ పోతాయి. కొట్టనని చెప్పడం చేతకాదు. పెద్దలు చెప్పిన పని చెయ్యనని ఆవిడ ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఒక్కనాడూ అనలేదు.

"ఆగు," అన్నారు కాదిరొవ్నా. ఆవిడకి పని కంటే ఆ మాట మీద ఆసక్తి పుట్టినట్టుంది. "నోటితో అనలేనిది, చేత్తో రాయలేనిది, ఏం మాట అయ్యుంటుంది? పెద్దాయనా, మీ కోడలేగా. మీకేమైనా తెలుసా?"

ముసలాయన నోట్లో పెరుగు ఉండ ఆగిపోయింది. అనలేనిది, రాయలేనిది. ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు తలగుడ్డ కళ్ళ దాకా లాక్కుని కీబోర్డుని చూస్తోంది. బయట ఉన్నంత మేరకి చెవులు ఎర్రగా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళు తన ఎదుట వినపడని ఆ పేరు ఎక్కడికి పోయిందో ఆయనకి ఆ క్షణాన తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది. రెంటినీ గడ్డంలో దాచేశాడు.

చెబితే క్షణంలో అయిపోయే పని. తన పేరు తాను చెప్పుకోవడానికి ఏ అడ్డూ లేదు.

"నాకేం తెలుసమ్మా? గొర్రెలు కాచుకునేవాణ్ణి," అన్నాడు. ఎనభై నాలుగేళ్ళలో ఆ ఊళ్ళో ఆయన అబద్ధమాడగా విన్నవాళ్ళు లేరు. అందుకే అందరూ నమ్మారు. "నాకు తెలిసిందల్లా ఒకటే. నా బస్సు పన్నెండింటికి. ఎప్పుడూ పితికే చెయ్యి ఎదురుగానే ఉంది. కొత్త చేతికి ఈ ముసలి ఆవు పాలివ్వదు."

గదిలో నవ్వులు లేచాయి. బేగాయిమ్ కూడా నవ్వేసి, కుర్చీలోంచి తనే లేచింది. "పెద్దమ్మా, మీరే కూర్చోండి. నాకిందులో తలా తోకా తెలియట్లేదు."

సాల్కినాయ్ కూర్చుంది. అందరూ చెప్పకుండానే గోడవైపు తిరిగారు. చుక్కలు పడ్డాయి, సరస్సు వచ్చింది. ఆవిడ ఏడవలేదు. కింద కుడిచేతి మూల మొదటి గడి నొక్కింది. మాయమైనవన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. "ఊరు తేలింది!" అన్నాడు ఎల్చిబెక్. నీలం పిట్ట మీద రెండుసార్లు కొట్టి, పాత కాగితం తీసి, ఫలానా సంవత్సరం పుట్టిన ఫలానా వ్యక్తి ఈ ఊళ్ళో సజీవంగా ఉన్నాడని రెండు వేళ్ళతో కొట్టుకుంటూ పోయింది. నాలుగు నిమిషాలు పట్టింది.

కాదిరొవ్నా చేతి గడియారం చూసుకున్నారు. "తుర్దుబెక్, నేను ఎందుకొచ్చాను?"

"ఇది మామూలు మనుషులకి పనికొస్తుందా రాదా అని చూడ్డానికి."

"ఈ గదిలో మామూలు మనిషి ఎవరు?"

తుర్దుబెక్ బేగాయిమ్ వైపు చూశాడు. ఎల్చిబెక్ మాత్రం "సాల్కినాయ్ అక్క," అన్నాడు.

"ఆవిడకి పనికొస్తోంది. రాసుకుంటున్నా. ఆవిడకి పింఛను వచ్చేదాకా ఆ కుర్చీ జోలికి పోకు. ఈ అమ్మాయికి విండోస్ బాగా వచ్చంటున్నావుగా, డాక్టరు గదిలో అదే ఉంటుంది కాబట్టి టీకాల పని అప్పజెప్పు. ఆవులు కూడా ఎదురుచూస్తున్నాయి."

మెదెర్ గోడ దగ్గరే గట్టిగా ఊపిరి వదిలాడు. తుర్దుబెక్ తల వంచుకుని, ఎనభై రకాలున్న తన గది వైపు ఓసారి చూసుకుని, "మంచిదండీ," అన్నాడు.

ప్రింటరు కాగితాన్ని బయటికి తోసింది. పేరు ఉండాల్సిన చోట వరసగా చుక్కలున్నాయి. సాల్కినాయ్ అలవాటుగా ఎల్చిబెక్ వైపు నడవబోయి, మధ్యలో ఆగింది. తల వంచుకుని నిలబడ్డ బేగాయిమ్ దగ్గరికి వెళ్ళి కాగితమూ కలమూ ఇచ్చింది.

"అమ్మా, ఇక్కడ మామయ్య పేరు రాసిపెట్టు. నీ దస్తూరీ అందంగా ఉంటుందిగా."

బేగాయిమ్ మొహం విప్పారింది. బల్ల మీద వంగి, చుక్కల మీద గుండ్రటి అక్షరాలతో పెద్దగా రాసింది. "సరిగ్గా రాశానా తాతా?" అని పైకి చదివింది. ముసలాయన తలాడించాడు. తుర్దుబెక్ తనూ ఒకసారి పైకి చదువుకుని సంతకం పెట్టి, కార్యాలయం ముద్ర ఆ పేరు పక్కనే గట్టిగా నొక్కాడు. కాదిరొవ్నా కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. మెదెర్ కాగితాన్ని వెలుతురుకెత్తి, అచ్చు ఎంత నల్లగా పడిందో అందరికీ చూపించాడు.

ముసలాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీ లోపల దాచుకున్నాడు. సాల్కినాయ్ ఆయనకి అక్కడి మర్యాద ప్రకారం సగం గిన్నె టీ పోసి రెండు చేతులతో అందించింది. ఆయన నిలబడే తాగాడు.

"వస్తానమ్మా. ఎక్కువసేపు ఆ తెర చూడకు, కళ్ళు పోతాయి," అన్నాడు.

"జాగ్రత్త, మామయ్యా."

ఆయన బురదలో కర్ర వేసుకుంటూ బస్సు దగ్గరికి వెళ్ళేదాకా ఆవిడ కిటికీలోంచి చూసింది. ఈలోగా అయిదు నిమిషాలు గడిచి తెర తాళం వేసుకుంది. బయట ఇంకో ఇద్దరు కాగితాల కోసం వచ్చి నిలబడ్డారు. సాల్కినాయ్ "అటు తిరగండి" అని వాళ్ళకి చెప్పి, పెదాలు బిగించి, ఒక్క వేలితో మొదటి అక్షరం వెతుక్కుంది.